ఆనకట్ట రాయి ఎచ్చటిది?

కోనసీమలో కాకిని తోలవలెనన్న రాయి దొరకదు, మట్టిబెడ్డయే గతి. అమలాపురము మొదలు అంతర్వేది వఱకు, ఇటు భీమవరము మొదలు నరసాపురము వఱకు ఎచ్చట గునపము దించినను ఒండ్రుమట్టియు, దాని క్రింద ఇసుకయు, ఆ క్రింద నీరును తగులునుగాని బండ తగులదు. నది తెచ్చి పోసిన నేల అది. అట్టి నేలమీద లాకులు, అక్విడక్టులు, వంతెనలు, అన్నిటికి మిన్నగా ధవళేశ్వరపు ఆనకట్ట, ఇన్ని రాతికట్టడములు వెలసినవి. ఆ రాయి ఎచ్చటనుండి వచ్చెను? ఎవరు కొట్టిరి? కొట్టిన చోటు ఇప్పుడెట్లున్నది? ఆనకట్టను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. రాతిగనిని గూర్చి తలచినవారు అరుదు. ఇచ్చట మేము చెప్పబూనినది ఆ రాతిగుంటల కథ. దాని వెంట, అదే నదిని పట్టుకొని ఎగువకు పోయినచో కనబడెడి మఱి మూడు విడిచిన త్రవ్వకముల కథ.

విడిచిపెట్టిన గనులను చూడబోవుట కొన్ని దేశములలో ఒక వేడుక. అమెరికాలోని నెవాడా ఎడారిలో రయోలైట్ అను బంగారుగనుల పట్టణము 1905 ప్రాంతమున పుట్టి, బ్యాంకులను, బడిని, రైలుస్టేషనును కట్టించుకొని, పదునైదేండ్లు తిరుగునప్పటికి దాదాపు నిర్మానుష్యమైనది. ఆఫ్రికా నైరృతి తీరమున, నమీబియాలో కోల్మన్స్‌కోప్ అను వజ్రపుగనుల ఊరు కలదు. 1956 నాటికి అందు మనుష్యులు లేకపోయిరి; నేడు ఆ ఇండ్ల గదులలో ఇసుక మేటలు వేసియున్నది. జనులు జీపులలో పోయి ఇట్టివానిని చూచి వత్తురు. మన తెలుగునాటను, ఒకప్పటి అనంతపురము జిల్లా కఱవునేలలోని రామగిరి బంగారుగనులు ఇట్టివే. గోదావరి ఒడ్డున ఎడారి లేదు. ఇచ్చట విడిచిన గనిని ఇసుక కప్పదు; సర్కారుతుమ్మయు, వాననీరును, పిదప ఇండ్లును కప్పును. అందుచేత కంటికి కనబడునది తక్కువ, వెదకి పట్టుకొనవలసినది ఎక్కువ.

మేము నలుగురము ఒక పాత జీపును బాడుగకు మాట్లాడుకొని మాఘమాసములో బయలుదేరితిమి. ఆ దారులకు అదియే అనువైన కాలము. వానలలో చక్రములు దిగబడును. ఎండలు ముదిరిన పిదప బండ సెగకు నిలువలేము.

రాజమహేంద్రవరమునకు దక్షిణముగా నాలుగైదు మైళ్ల దూరమున ధవళేశ్వరము కలదు. గోదావరి గట్టినేలను విడిచి డెల్టాలో అడుగిడునది ఇచ్చటనే. ఊరిని ఆనుకొని జనార్దనస్వామి కొండ, దాని చుట్టు మిట్టలు. నదివెంట దిగువకు పోవువానికి ఇదియే కడపటి కొండ. ఇటుపైన సముద్రము వఱకు అంతయు పల్లమే. ఈ ఒక్క సంగతి మనసున నుంచుకొన్నచో, ఆర్థర్ కాటన్ ఆనకట్టకు ఈ తావునే ఏల ఎన్నుకొనెనో సగము తెలిసినట్లే. నది ఇచ్చట లంకలతో గూడ నాలుగు మైళ్ల వెడల్పున పరచుకొని పాఱును. వెడల్పు హెచ్చు గనుక వరదకు లోతు తగ్గును, వడి తగ్గును. నడుమ లంకలుండుటచే కట్టవలసిన పొడవు తగ్గును. అన్నిటికంటె మించి, చేతికందు దూరమున రాయి కలదు. రాయి లేని చోట ఈ యుక్తి సాగెడిది కాదు.

ఆ దినములలో ఈ దేశము ఎట్లుండెనో నేటివారికి నమ్మశక్యము కాదు. 1833 లో గొప్ప కఱవు వచ్చెను. 1839 నవంబరులో సముద్రము పొంగి కోరంగి రేవును ముంచెను. 1821 లో 7,38,308 మంది ఉండిన రాజమహేంద్రవరము జిల్లాలో 1841 నాటికి మిగిలినవారు 5,61,041 మంది. ఇరువదేండ్లలో నలుగురిలో దాదాపు ఒకరు లేకపోయిరన్నమాట. చచ్చినవారు కొందఱు, ఊళ్లు విడిచి పోయినవారు కొందఱు. నది నిండుగా పాఱుచు, ప్రతియేడును సముద్రములో కలియుచు, ఒడ్డునున్నవారు ఆకలితో మాడిరి. 1844 లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఈ దుఃస్థితిని విచారించి ప్రభుత్వమునకు నివేదించెను. కాటన్ ప్రణాళికకు కంపెనీ డైరెక్టర్లు 1846 డిసెంబరులో అనుమతి నిచ్చిరి. 1847 లో పని ఆరంభమైనది; 1852 మార్చి నెలాఖరునకు ఆనకట్ట నిలిచినది.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, మొత్తము సుమారు 12,000 అడుగుల పొడవున ఆ కట్టడము సాగెను. మొదటి అంచనా వ్యయము నాలుగు లక్షల డెబ్బదియైదు వేల రూపాయలు మాత్రమే. ఇంత చవుకగా ఎట్లు కట్టదలచెను? ఇందులకు సమాధానము కావేరిలో కలదు. నదీగర్భమున ఎంత త్రవ్వినను గట్టిబండ తగులని చోట ఇంజనీర్లు పునాదికై తడవుకొనుచుండగా, పూర్వపు చోళదేశపు పనివారు కల్లణై దగ్గఱ పెద్ద పెద్ద రాళ్లను ఇసుకలో పడవేసిరి. అవి క్రుంగెను. వానిపై మఱల వేసిరి. క్రుంగి క్రుంగి ఒకనాటికి నిలిచినవి. కాటన్ తంజావూరు సీమలో పనిచేయుచు ఈ విద్యను అచ్చటి పాత కట్టనుండి నేర్చుకొనెను. నేర్చుకొంటినని తానే ఒప్పుకొనెను కూడ. ధవళేశ్వరమున ఇసుకలో లోతు తక్కువ బావులను దించి, వానిపై గోడలు లేపి, గోడల నడుమను, దిగువవైపునను కొండరాయిని గుట్టలుగా పోయించెను. కూర్పు తక్కువ, రాశి హెచ్చు. ఇట్టి పనిలో తెలివి ఎంత కావలెనో రాయి అంతకు పదింతలు కావలెను.

మఱియొక విశేషము. ఈ రాతిపోత ఒక్కసారితో ముగియునది కాదు. వరద ఆనకట్టమీదినుండి దుమికి దిగువనున్న రాతిని పెకలించి కొనిపోవును. వరద తీసిన పిదప మఱల పోయవలెను. ఏటేట ఇదే తంతు. పలుమాఱులు కట్ట ఎత్తును పెంచినప్పుడును రాయియే కావలెను. కావున 1852 లో ఆనకట్ట పూర్తియైనదని మనము చెప్పుకొన్నను, రాయి కొట్టువానికి ఆ సంవత్సరము సెలవు దొరకలేదు.

కొండనుండి నదికి ఆ రాయిని చేర్చుటకు పట్టాలు పఱచిరి. ఇది కొందఱు శ్రోతలకు వింతగా తోచవచ్చును. మన దేశమున రైలు అనగానే 1853 ఏప్రిలులో బొంబాయినుండి ఠాణాకు నడచిన బండిని తలతుము. అది ప్రయాణికుల బండి. దానికి మునుపే రాళ్లబండ్లు పట్టాలెక్కెను. మద్రాసు దగ్గఱ రెడ్‌హిల్సు గుట్టలనుండి రాతిని తెచ్చుటకు 1837 ప్రాంతమున వేయించిన ఇనుపదారి కాటన్ పూనికయే. పిదప ధవళేశ్వరమున ఆనకట్ట పనికొఱకు అట్టిదే వేసిరి. ఆ పిమ్మట 1851 లో ఉత్తరదేశమున రూర్కీ చెంత సోలానీ అక్విడక్టు పనికి వేసిరి. అనగా ఈ దేశములో రైలుపట్టాలమీద మొదట ప్రయాణము చేసినది మనుష్యుడు కాదు, రాయి. పట్టాలచివర, రేవులో, ఆ రాయి పడవలకెక్కి లంకల దాపునకు, ఆవలి భాగములకు పోయెడిది.

ఇంక కొట్టిన చేతుల మాట. డైనమైటు ఆనాటికి లేదు. స్వీడను దేశస్థుడు నోబెల్ దానికి పేటెంటు పొందినది 1867 లో. ధవళేశ్వరపు కొండను పగులగొట్టినది నల్లమందు, సమ్మెట, గునపము, ఉలి. బండలో చేతితో తొలిచి, మందు కూరి, వత్తి అంటించి పరుగెత్తవలెను. వత్తి పొట్టిదైనను, మందు తడిసి ఆలస్యముగా అంటుకొన్నను ఏమగునో చెప్పనక్కఱలేదు. పని ఆరంభమైన కొద్దికాలమునకే సుమారు పదివేలమంది కూలీలు, ఐదువందలమంది వడ్రంగులు, ఐదువందలమంది కమ్మరులు అచ్చట కూడిరి. కమ్మరి అంతమంది ఏల అని అడుగుదురేమో. రాతికి తగిలిన ఉలి మొన ఎంతసేపు నిలుచును? కొట్టువారు పగలంతయు ఉలులను అరగదీయుచుండగా, కమ్మరులు వానిని కొలిమిలో పెట్టి మఱల మొనలు తీయవలెను. పట్టాలబండ్లకు ఇరుసులు, పడవలకు మేకులు, లాకులకు తలుపులు వేఱు. ధవళేశ్వరపు వర్కుషాపులు ఈ అక్కఱలోనుండియే పుట్టినవి.

కాటన్ 1848 లో జబ్బుపడి దేశాంతరము పోయి 1850 లో గాని తిరిగి రాలేదు. ఆ రెండేండ్లు పనిని నడపినవాడు ఆర్ అను యువక ఇంజనీరు. కూలిజనమును కూడగట్టుట, వారు చెదరిపోకుండ నిలుపుట, వారికిని దొరలకును నడుమ మాట నడపుట, ఇవన్నియు వీణెం వీరన్నగారి భుజములమీద పడినవి. ఈయన ఇంజనీరింగు శాఖలో చిన్న ఉద్యోగిగా చేరి, ఈ పనియందు చూపిన ప్రజ్ఞకు రాయ్ బహద్దూరు బిరుదును అందుకొని, 1867 లో కీర్తిశేషుడయ్యెను. పదివేలమందిలో మనకు పేరుతో తెలిసిన తెలుగువాడు దాదాపు ఈయన ఒక్కడే. తక్కినవారి పేర్లు మస్తరు పట్టీలలో ఎక్కియుండును, పట్టీలతో పోయినవి. తెలుగుదేశమున రాతిపని, మట్టిపని తరతరములుగా ఒడ్డెరల వృత్తి. చెఱువుగట్టు కట్టినది వారే, బావి త్రవ్వినది వారే. ఏ రాజు ఏ చెఱువు త్రవ్వించెనో శాసనములలో చదువుదుము. త్రవ్వినవారిని శాసనము చెప్పదు. ఆనకట్ట విషయమునను అదే మర్యాద సాగినది.

నేడు ధవళేశ్వరమునకు పోయినవాడు మొదట చూచునది కొత్త బ్యారేజి. 1970 లో మొదలుపెట్టి 1982 లో ముగించి, కాటన్ పేరనే దానిని పిలిచిరి. దాని చెంత కాటన్ మ్యూజియము కలదు. గోదావరి మండలములలో ఆయన విగ్రహము లేని ఊరు వెదకవలసియుండును. ఇది మాకును సంతోషమే. అయితే మేము వెదకినది వేఱు. కొండచుట్టు సందులలో జీపు దూరని చోట దిగి నడచితిమి. ఇండ్ల వెనుక, పెరటిగోడను ఆనుకొని, నిట్టనిలువుగా కోసినట్లున్న బండముఖములు కనబడును. కొండ తనంతట విరిగినచో అట్లుండదు. మనుష్యుడు కొట్టిన బండ నిలువుగా, మెట్లుమెట్లుగా నిలుచును. పల్లములలో వాననీరు నిలిచి పాచిపట్టినది. కొన్ని గుంటలను పూడ్చి ఇండ్లు కట్టుకొనిరి. కట్టుకొన్నవారిని తప్పుపట్టుట లేదు. ఊరు పెరిగినప్పుడు పేదవాడు చేరునది ఇట్టి చోటికే. ఫలకము వంటిది మాత్రము మాకెచ్చటను కనబడలేదు. పది లక్షల ఎకరములకు పైగా నీరిచ్చిన కట్టడమునకు పుట్టినిల్లు ఇది అని చెప్పు ఒక్క రాతిపలక, రాతికి కొదువలేని ఆ చోట, నిలుపుట కష్టము కాదు. కొంతయైన మిగిలియుండగనే ఒక బండముఖమును, దాని ముందు నాలుగు గజముల నేలను అట్లే ఉంచవలెనని మా అభిప్రాయము. ఈ మాట చెప్పుటకే చాలవఱకు ఈ ప్రసంగము.

ధవళేశ్వరమునుండి మరలి, రాజమహేంద్రవరము దాటి కాతేరు పోయితిమి. అచ్చటి రాయి వేఱు రకము. ధవళేశ్వరము, రాజమహేంద్రవరము ప్రాంతముల ఎఱ్ఱని ఇసుకరాతికి భూగర్భశాస్త్రజ్ఞులు రాజమండ్రి ఇసుకరాయి అనియే పేరు పెట్టిరి. కాతేరుది నల్లరాయి, కరిగిన లావా గడ్డకట్టినది. నదికి ఆవలిగట్టున కొవ్వూరు దాటి పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు వైపున ఇదే నల్లరాయి మఱల పైకి తేలును. దాని పొరల నడుమ సున్నపురాయి కలదు. అందులో నత్తగుల్లలు, ఆలిచిప్పలు రాయిగా మాఱి పొదిగియున్నవి. డాక్టరు బెంజా అను వైద్యుడు 1837 లో ఉత్తర సర్కారుల శిలలను గూర్చి వ్రాయుచు పంగిడిని పేర్కొనెను. నాగపురమున మిషనరీగా ఉండిన స్టీఫెన్ హిస్లాప్ 1860 లో కాతేరు గుల్లలను వర్ణించి ప్రకటించెను. అప్పటికే ఈ సున్నపురాతి గుంటలు త్రవ్వకములో నుండెను. ఒక గనికి సున్నంరాయి అనియే పేరు పడినది.

ఆ నల్లరాయి ఎచ్చటిది? ఇది ఆనకట్ట రాతికంటె చిత్రమైన ప్రశ్న. మహారాష్ట్రదేశమున పడమటికనుమలను పేర్చిన దక్కను లావాయును, ఈ రాజమహేంద్రవరపు లావాయును రసాయనిక గుణములలో ఒక్కటే. నడుమ వందలకొలది మైళ్ల దేశమున ఆ పొర కనబడదు. పడమట పగుళ్లనుండి ఉబికిన లావా, ప్రాచీన నదీలోయల వెంట పదిహేనువందల పుట్ల... అని మన కథకులు చెప్పినట్లు గాక, లెక్కకు వేయి కిలోమీటర్లు పైబడి పాఱి, తూర్పున సముద్రపు అంచును చేరెనని 2008 లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. భూమిమీద మనకు తెలిసిన లావాప్రవాహములలో అతిదీర్ఘమైనది బహుశః ఇదియే. గోదావరి కంటె ముందే, గోదావరి దారినే వచ్చిన అగ్నినది యన్నమాట.

అదే 2008 లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు గెర్టా కెల్లర్, ఆమె సహచరులు పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు గనులలోని సున్నపురాతిని సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. అడుగులావాకు సరిగా పైన, సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు దొరికినవి. అవి రాక్షసబల్లులు అంతరించిన వెంటనే, అనగా సుమారు ఆరుకోట్ల అరువది లక్షల యేండ్ల క్రిందట, పుట్టిన జాతులు. దీనినిబట్టి ఆ మహావినాశమునకును, దక్కను లావా ఉప్పెన ముగియుటకును కాలము చాల దగ్గఱ అని వారు వాదించిరి. ఆకాశమునుండి పడిన గ్రహశకలము కారణమా, లావా కారణమా, రెండును కారణమా అను వివాదము తీరలేదు. దానిని మేము తీర్చజాలము. ఆ వివాదములో సాక్ష్యము చెప్పుటకు పిలువబడినది కొవ్వూరు పక్కనున్న రాతిగుంట అనుటయే మాకు ముచ్చట.

గౌరీపట్నమున నిర్మలగిరికి పోవు యాత్రికులు ఆ గనుల చెంతనుండియే పోవుదురు. పంగిడి మిట్టలపై జీపు దిగి చూచిన, ఒకవైపు విడిచిన గుంటలలో నీలపు నీరు, ఇంకొకవైపు కంకర కొట్టు క్రషర్ల ధూళి. కోస్తా జిల్లాల రోడ్లకు, ఇండ్ల కప్పులకు ఇచ్చటి కంకరయే ఆధారము. దానిని వలదనుటకు మనకు నోరు రాదు. ఈ మాటలు వినుచున్న వారి ఇంటి పునాదిలోను అది యుండవచ్చును. కాని నల్లరాతి నడుమ నున్న ఆ సున్నపు పొర మందము స్వల్పము. లారీకి అది పనికిరాని చెత్త, త్రోసివేయుదురు. ఒక్క గనిలో ఒక్క ముఖమైనను విడిచిపెట్టినచో చదువుకొను పిల్లలకు చూపవచ్చును.

అచ్చటనుండి కొయ్యలగూడెము, జంగారెడ్డిగూడెము మీదుగా బుట్టాయగూడెము చేరునప్పటికి పొగాకుతోటలు, జీడిమామిడితోపులు గడచి కొండలు కనబడును. అటుపైన కోయల గూడెములు, వాగులు, రాళ్లబాటలు. జీపు ఏల తెచ్చితిమో అచ్చట తెలిసినది. ఒక వాగులో చక్రము రాళ్లనడుమ ఇఱుకుకొనగా, గూడెపు యువకులు నలుగురు వచ్చి వెదురుబొంగులతో ఎత్తి దాటించిరి; డబ్బు పుచ్చుకొనలేదు. మేము వెదకినది బెడదనూరు బొగ్గు.

పంతొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రాజధానికి తనదన్న బొగ్గు లేదు. రైళ్లకు, ఆవిరియోడలకు బొగ్గు ఇంగ్లండునుండియో, బంగాళమునుండియో సముద్రముమీద రావలెను. కనుక ఎచ్చట నల్లని పొర కనబడినను ప్రభుత్వమునకు ఆశ పుట్టెడిది. బ్లాన్‌ఫర్డు, విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞులు గోదావరి వెంట ఈ శిలలను పరిశీలించిరి. బెడదనూరున బొగ్గునిచ్చు జాతి ఇసుకరాయి ఐదారు చదరపు మైళ్ల మేర కలదని తేలినది. బోరులు వేసిరి. తగిలిన పొరలు కొద్ది, బూడిదపాలు హెచ్చు. వ్యాపారమునకు కట్టుబడి కాదని విడిచిరి. ఇదే కింగ్, ఇదే నదీలోయలో, మఱికొంత పడమట ఇల్లందు ప్రాంతమున 1870 దశకపు ఆరంభమున కనుగొన్న బొగ్గు మాత్రము సింగరేణి అయి, 1889 నాటికి త్రవ్వకములోనికి వచ్చి, నేటికిని వేలమందికి జీవనమగుచున్నది. ఒకే మనుష్యుడు, ఒకే జాతి రాయి. ఒకచోట పట్టణములు లేచినవి, ఒకచోట అడవి మిగిలినది. బెడదనూరున చూడదగిన గోపురములు, యంత్రములు లేవు. బొగ్గుగని యనుకొని పోయినవాడు వాగుగట్టున నిలుచుండి, నేలలోనికి గొట్టములు దించి ఏమియు దొరకక తలలూపుకొన్న ఇంజనీర్లను ఊహించుకొనవలసినదే. ఆ కోయపల్లెలకు ఇది మేలో కీడో చెప్పుట సులభము కాదు. బొగ్గు దొరికినచో రోడ్డు, ఆసుపత్రి వచ్చియుండును. పల్లెలు మాత్రము అచ్చట నుండెడివి కావు.

మా ప్రయాణము కడపటి మజిలీ భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము; ఇప్పుడు తెలంగాణములోనిది. ధవళేశ్వరపు విజయము కాటన్‌కు ఇంకొక పెద్ద ఊహను పుట్టించెను. వార్ధా, బీరారు సీమల ప్రత్తి గోదావరిమీద పడవలలో దిగి, డెల్టా కాలువలగుండ సముద్రమునకు పోవలెను. అడ్డుగా నున్నవి మూడు రాతివరుసలు: దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, దేవలమఱ్ఱి. ఈ పనికి పూనినవాడు హేగ్. ఈయన గన్నవరపు అక్విడక్టును 49 కమానులతో అతివేగముగా కట్టించి పేరు పొందినవాడు. 1861 లో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చి అచ్చటి ప్రత్తి ఆగిపోగా, లాంకషైరు మిల్లులు మనవైపు చూచినవి; పనికి ఊపు వచ్చెను. దుమ్ముగూడెమున ఆనకట్ట, లాకులు, పక్కకాలువ లేచినవి. అడవిలో వేలమంది బస చేసిరి. మన్యపు జ్వరము వారిని ఏటేట కోసివేసెను. పని ఏడాదిలో కొద్ది నెలలే సాగెడిది.

ఇంతలో 1867 లో బొంబాయినుండి రైలు నాగపురము చేరినది. ప్రత్తిమూటలు పడమటికి పోయినవి. 1871 అక్టోబరులో ఇండియా ప్రభుత్వము పనిని నిలిపివేయుమని ఉత్తర్వు చేసెను. అదే 1871 లోనే దుమ్ముగూడెపు రాతివరుస చెంతనున్న ఇసుకరాళ్లను గూర్చి బ్లాన్‌ఫర్డు తన పరిశీలనను ప్రకటించెను. ఆ పరిసరములందలి బొగ్గు జాడలమీద అందఱి దృష్టియు పడినది. పడవలకు నిప్పు దొరకునేమో అను ఆశ తలయెత్తిన యేడే పడవలదారిని మూసివేసిరి. చరిత్రలో ఇట్టి తారుమాఱులు లేకపోలేదుగాని, ఒకే రాతిమీద నిలిచి రెంటిని తలచుకొనుట మాకు క్రొత్త.

పని ఆగినను దుమ్ముగూడెము ఊరు ఆగలేదు. హేగ్ ఆరంభించిన మిషను అచ్చట నిలిచినది, ఆనకట్ట నిలిచినది. ఎగువ రెండు అడ్డంకులవద్ద సగములో విడిచిన పనులను అడవి తిరిగి తీసికొన్నది. రాజమహేంద్రవరమునుండి పడవలు చిరకాలము దుమ్ముగూడెము వఱకు ఎక్కివచ్చి, సరకు దింపి, వెదురును, కఱ్ఱను ఎత్తుకొని దిగెడివి. మేము పోయిన మాఘమాసమున నీరు పలుచనై, ఆనకట్టమీద పలుచోట్ల రాతి వెన్ను తేలియుండెను. కాలువగట్టున మేకలు మేయుచుండెను. దిగువకు చూచిన, నది పాపికొండల వైపునకు మలుపు తిరిగి కనబడకపోవును; ఆ నీరు ధవళేశ్వరము చేరుటకు ఇంక నూరు మైళ్లకు పైన నడక కలదు.